నెమ్మదిగా వదిలే ఊపిరి (షుగర్ ఉన్నవారికి ఇంటి సాధన – 3వ పాఠం)

మొదటి రెండు పాఠాలు చదివినవారి దగ్గర ఈపాటికి ఒక నోటుపుస్తకం ఉండాలి. పరగడుపు షుగర్ ఒక గడిలో, రాత్రి భోజనం తర్వాత నడిచిన నిమిషాలు ఇంకో గడిలో రాస్తున్నారు కదా. ఆ పక్కనే ఇవాళ మూడో గడి గీయండి. పైన "ఊపిరి" అని రాయండి. కొత్తగా వచ్చినవారు కూడా ఇక్కణ్ణించే మొదలుపెట్టవచ్చు.

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధిలో నలుగురు షుగరువాళ్ళు కలిస్తే వినబడే మాట ఒకటుంది: "రాత్రి రెండు రొట్టెలే తిన్నాను, పొద్దున్న చూస్తే 150. ఎక్కణ్ణించి వచ్చిందండీ?" షుగర్ చూసే మిషన్ పాడైందని ఒకాయన కొత్తది కొన్నాడు కూడా. కొత్తదీ అదే చెప్పింది. మనం తినకపోయినా కాలేయం ఊరుకోదు. దాచుకున్న చక్కెరను రాత్రంతా కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. తెల్లవారుజామున మనల్ని లేపడానికి కార్టిజాల్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి. అప్పుడు కాలేయం ఇంకాస్త వదులుతుంది. షుగర్ లేనివారిలో ఇన్సులిన్ దాన్ని సర్దేస్తుంది. మనలో ఆ సర్దుబాటు సరిగా జరగదు.

టెన్షన్ పడినప్పుడు జరిగేదీ దాదాపు ఇదే. ఆపద ఎదురైతే ఒళ్ళు పోరాటానికో పరుగుకో సిద్ధమవుతుందని అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే రాశాడు. మా స్టేషన్ సంగతే చూడండి. గుణుపూర్ నుంచి వచ్చిన బండి కూత వేసింది, మీరింకా ఆటోలోనే ఉన్నారు. (నేరోగేజ్ రోజుల్లో కదిలే బండిని పరిగెత్తి అందుకునేవాళ్ళు. ఇప్పుడా పని చేయకండి.) గుండె దడదడలాడుతుంది, కాలేయం చక్కెర వదులుతుంది, మీరు మెట్లెక్కి పరిగెడతారు. ఆ చక్కెరను కాళ్ళ కండరాలు వాడుకుంటాయి. లెక్క సరిపోయింది. అదే రాత్రి పదింటికి విశాఖలో ఉన్న కొడుకు ఫోన్ ఎత్తలేదనుకోండి. దడ అదే, చక్కెర అదే. మీరు మాత్రం కుర్చీలో కూర్చునే ఉన్నారు.

ఇవాళ్టి సాధన ఆ కుర్చీలో చేసేది.

వెన్ను ఆనించి కూర్చోండి. కాళ్ళు నేలమీద ఉండాలి. పద్మాసనం అక్కర్లేదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అది వేరే టెన్షన్. ముక్కుతో 4 సెకన్లు ఊపిరి పీల్చండి, 6 సెకన్లు వదలండి. అంటే పది సెకన్లకి ఒకటి, నిమిషానికి ఆరు. మామూలుగా కూర్చున్నప్పుడు మనం నిమిషానికి 12 నుంచి 20 దాకా పీల్చి వదులుతాం. మొదటి రెండు రోజులు సెకన్ల ముల్లు ఉన్న గడియారం ఎదురుగా పెట్టుకోండి. మా పక్కింటి మావుసీ (ఒడియాలో పిన్ని), నేను కలిసి మొదలుపెట్టినప్పుడు ఆవిడ ఒడియాలో "ఎక, దుయి, తిని, చారి" అని వేళ్ళ కణుపులు లెక్కపెట్టి ముగించేది. నేను "ఒకటి, రెండు" దగ్గరే ఉండేదాన్ని. ఎవరి నాలుక వేగం వారిది. అందుకే గడియారం.

వదలడం ఎందుకు ఎక్కువసేపు? మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూడండి. పీల్చేటప్పుడు కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. మెదడు నుంచి గుండెకు, పొట్టకు వెళ్ళే వేగస్ అనే నరం ఉంది. ఊపిరి వదిలే వేళ గుండెకు కళ్ళెం వేసేది అదే. వయసు పైబడినవారిలో, షుగర్ చాలా ఏళ్ళుగా ఉన్నవారిలో ఈ తేడా వేలికి అందకపోవచ్చు. కంగారుపడకండి, సాధన మానకండి.

నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదటి వారం ఊపిరిని గట్టిగా లాగి లాగి వదిలాను. తల తిరిగింది, వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఎక్కువ గాలి పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి అలా అవుతుంది. మావుసీ నన్ను చూసి "ధీరే, ధీరే" (మెల్లగా, మెల్లగా) అంది. మీ ఊపిరి పక్కన కూర్చున్నవారికి వినబడకూడదు. కొంచెం గాలి, నెమ్మదిగా. అంతే. కపాలభాతి లాంటి వేగపు ఊపిరి ఈ పాఠంలో లేదు. బీపీ ఎక్కువున్నవారు, కంటి వెనక పొరలో రక్తస్రావం ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా దాని జోలికి పోకూడదు.

ఇంకొక జాగ్రత్త, ఇది అన్నిటికన్నా ముఖ్యం. చెమట, వణుకు, గుండెదడ టెన్షన్‌లోనూ వస్తాయి, షుగర్ పడిపోయినా వస్తాయి. ఇన్సులిన్‌గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రగానీ వాడేవారు ముందు మిషన్‌తో చూసుకోవాలి. 70 కన్నా తక్కువుంటే ఊపిరి లెక్కపెడుతూ కూర్చోకండి. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్ళీ చూసుకోండి. చూసుకునే వీలు లేకపోతే ముందు పంచదార నీళ్ళే తాగండి.

ఎప్పుడు చేయాలి? రాత్రి పడుకునే ముందు 5 నిమిషాలు. అదికాక ఇంకో వేళ ఉంది, నా మటుకు అక్కడే లాభం ఎక్కువ కనబడింది. టెన్షన్ వస్తే నోరు ఊరుకోదు కదా. చేయి మరమరాల డబ్బా మీదకో, బరంపురం నుంచి తెచ్చిన అప్పడాల కట్ట మీదకో పోతుంది. మూత తీసేముందు ఆరు ఊపిర్లు, ఒక్క నిమిషం. ఆ తర్వాతా తినాలనిపిస్తే తినండి, నోటుపుస్తకంలో రాయండి. ఆకలి అయితే నిమిషం తర్వాతా ఉంటుంది. నాకు మూడుసార్లలో ఒకసారి ఉండేది కాదు.

ఇది మందుకు బదులు కాదు, మాత్ర మానకండి. చేసిన వెంటనే అంకె దిగిందా అని ప్రతిసారీ వేలు పొడుచుకోకండి. ఒక పూటలో తేలేది కాదు ఇది. పరగడుపు అంకెలు నెల పొడుగునా ఎటు పోతున్నాయో చూడాలి, మూడు నెలలకొకసారి చేయించే హెచ్‌బిఎ1సి (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చూడాలి.

ఈ వారం పని: ఏడు రాత్రులు, రోజుకు 5 నిమిషాలు. మూడో గడిలో నిమిషాలు రాయండి, డబ్బా దగ్గర ఆగిన రోజున పక్కన చుక్క పెట్టండి. మిషన్‌లో పెట్టే స్ట్రిప్పులు మిగిలితే దాచుకోండి. నాలుగో పాఠం నిద్ర గురించి, అప్పుడు వాటితో పని ఉంది.