సిరకూజాలో తీరికగా ఒక వారం: దంపతులు యాత్రను ఎలా వేసుకోవాలి

మధ్యధరా సముద్రపు ఒడ్డున పాత నగరాలకు కొదవ లేదు గానీ, ఇద్దరే వెళ్ళి హడావుడి లేకుండా ఒకేచోట వారం రోజులు గడపాలనుకునే దంపతులకు నేను ముందుగా చెప్పే పేరు సిరకూజా. ఇటలీకి చెందిన సిసిలీ ద్వీపం ఆగ్నేయ తీరంలో ఉన్న ఈ ఊరినే మనం బడిలో ఆర్కిమెడిస్ పుట్టిన సైరక్యూస్‌గా చదువుకున్నాం. క్రీస్తుపూర్వం 8వ శతాబ్దంలో గ్రీసులోని కోరింత్ నుంచి వచ్చినవారు స్థాపించిన ఈ నగరంలో పాత ఊరంతా ఒర్టీజా అనే దీవి మీదే ఉంది. దాని పొడవు దాదాపు ఒక కిలోమీటరు మాత్రమే కనుక ఏ మూలకైనా నడిచే వెళ్ళవచ్చు. సిసిలీలోని పలెర్మో, ఎట్నా అగ్నిపర్వతం, అగ్రిజెంటో అన్నీ ఆ వారంలోనే చుట్టి రావాలనుకునేవారికి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు.

వెళ్ళవలసిన కాలం మే నెల, లేదా సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు చివరి వరకు. మేలో నీళ్ళు ఇంకా చల్లగా ఉంటాయి; అక్టోబరులో వేసవి వెచ్చదనం సముద్రంలో నిలిచి ఉంటుంది కనుక ఈత ఇష్టమైనవారికి అదే మేలు. ఎండలు మనకు కొత్తా అని జూలై, ఆగస్టులలో బయలుదేరవద్దు. సిరకూజా పక్కనే ఉన్న ఫ్లోరీడియా వద్ద 2021 ఆగస్టు 11న 48.8 డిగ్రీలు నమోదైంది. యూరప్ ఖండంలో ఇప్పటివరకు నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత అదే.

ఇటలీకి కావలసిన షెంగెన్ వీసా (యూరప్‌లోని పలు దేశాలకు ఒకటే చెల్లుతుంది) దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు, పదిహేను రోజుల కంటే ఆలస్యం చేయకూడదు. అయితే వేసవికి ముందు అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం కనుక రెండు మూడు నెలల ముందే పని ముగించుకోవడం మంచిది. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. మన ఇళ్ళలో పెళ్ళయ్యాక కూడా భార్య పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉండటం మామూలే. అలాంటప్పుడు వివాహ ధ్రువపత్రం జత చేయాలి, విమాన టికెట్లపై పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. సామాను విషయంలో ఒక హెచ్చరిక. బయటి దేశాల నుంచి పాలతో, మాంసంతో చేసిన పదార్థాలను యూరోపియన్ యూనియన్ లోపలికి ప్రయాణికులు తీసుకురాకూడదు. అందువల్ల అమ్మ కట్టిచ్చిన నెయ్యి సీసా, పాలకోవా ఇంట్లోనే వదలాలి. పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు కనుక దాన్నీ మరచిపోవడమే సుఖం. కందిపొడికి, ఆవకాయకు ఈ చిక్కు లేదు.

దగ్గరి విమానాశ్రయం కతానియాలో ఉంది. రోమ్‌లో విమానం మారేవారు ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే జరుగుతుందని గుర్తుంచుకుని రెండు విమానాల మధ్య కనీసం మూడు గంటలు ఉంచుకోవాలి. కతానియా విమానాశ్రయం నుంచి సిరకూజాకు నేరుగా బస్సులున్నాయి. గంట పైచిలుకు ప్రయాణం. బస్సు దిగే చోటు నుంచి ఒర్టీజాకు ఇరవై నిమిషాల నడక. సామానుంటే టాక్సీ తీసుకోండి. రాళ్ళు పరిచిన సందుల్లో చక్రాల పెట్టె లాగడం సరదా పని కాదు. కారు అద్దెకు తీసుకోవద్దని నా గట్టి సలహా. ఒర్టీజాలో అనుమతి లేని వాహనాలపై నిర్ణీత వేళల్లో నిషేధం ఉంది, కెమెరాలు నంబరు పట్టుకుంటాయి, జరిమానా నోటీసు మీరు ఇల్లు చేరాక వస్తుంది.

బస తప్పకుండా దీవి మీదే చూసుకోవాలి. వంతెన అవతలి కొత్త ఊళ్ళో గదులు చౌకే గానీ, మధ్యాహ్నం ఇంటికి వచ్చి పడుకోవడం ఈ యాత్రకు ప్రాణం. బస దూరమైతే ఆ అలవాటు రెండో రోజుకే పోతుంది. చిన్న వంటగది ఉన్న ఇల్లు తీసుకోండి. పాత భవనాల్లో లిఫ్టు ఉండదు కనుక మోకాళ్ళ నొప్పులున్నవారు ఎన్నో అంతస్తో ముందే అడగాలి.

ఇక రోజు గడిపే తీరు. ఊరికి తనదైన గడియారం ఉంది: మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో చాలా దుకాణాలు మూతపడి నాలుగు దాటాక తెరుచుకుంటాయి, రాత్రి భోజనం ఏడున్నర, ఎనిమిదికి గానీ మొదలుకాదు. దీనితో పోరాడేవారు మూసిన తలుపుల ముందు ఎండలో నిలబడతారు. ఉదయం ఒక పని, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం నడక. అంతకు మించి పెట్టుకోకండి. మొదటి రోజు ఏ టికెట్టూ కొనకుండా దీవి అంచు వెంబడి ఒక చుట్టు నడిచి రండి. తూర్పు గట్టున సూర్యోదయం, పడమటి గట్టున అరెతూజా ఊట దగ్గర సూర్యాస్తమయం అని గుర్తుపెట్టుకుంటే చాలు. సముద్రానికి కూతవేటు దూరంలోనే మంచినీళ్ళు ఊరే ఆ మడుగులో పపైరస్ మొక్కలు పెరుగుతుంటాయి.

ఊళ్ళో ఒక్క కట్టడాన్ని మాత్రమే నిదానంగా చూసే ఓపిక ఉంటే అది దువోమో, అంటే ప్రధాన చర్చి కావాలి. క్రీస్తుపూర్వం 480లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరపు సేనలపై గెలిచిన తరువాత గెలోన్ అనే పాలకుడు ఇక్కడ అథీనా దేవికి గుడి కట్టించాడు. 7వ శతాబ్దంలో ఆ గుడిని పడగొట్టకుండానే చర్చిగా మార్చారు: బయటి స్తంభాల మధ్య ఖాళీలను రాళ్ళతో పూడ్చి గోడలు చేశారు, గర్భగుడి గోడలకు తోరణాలు తొలిచి లోపలి మంటపం చేశారు. 878లో అరబ్బులు నగరాన్ని గెలిచాక కొంతకాలం ఇదే మసీదు, నార్మన్లు వచ్చాక మళ్ళీ చర్చి. 1693 నాటి భూకంపం తరువాత ఆంద్రెయా పాల్మా రూపొందించిన, అలంకారాలు నిండిన బరోక్ శైలి ముఖద్వారం చూసి లోపలికి వెళ్ళేవారికి పక్క గోడల్లో రెండున్నర వేల ఏళ్ళ నాటి డోరిక్ (సాదాసీదా గ్రీకు శైలి) స్తంభాలు కనబడతాయి. బయట ఎడమ పక్క సందులోకి తిరిగి చూస్తే అవే స్తంభాలు గోడలోంచి పొడుచుకు వచ్చి ఉంటాయి. చాలామంది ఆ సందులోకి తిరగనే తిరగరు. భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులు వేసుకోవాలి.

నెయాపొలిస్ పురావస్తు ఉద్యానానికి తలుపులు తెరిచే వేళకే చేరండి, అక్కడ నీడ తక్కువ. కొండను తొలిచి కట్టిన గ్రీకు రంగస్థలం మీద 1914 నుంచి ప్రాచీన నాటకాలు ఆడుతున్నారు. మే, జూన్‌లలో వెళ్ళేవారు టికెట్ ముందే కొనాలి, కథ చదువుకుని వెళ్ళాలి, ఎందుకంటే ప్రదర్శన ఇటాలియన్‌లో జరుగుతుంది. పక్కనున్న రాతి గనుల్లోనే సుమారు 23 మీటర్ల ఎత్తున్న డయోనీసియస్ చెవి అనే గుహ ఉంది. మాట మెల్లగా అన్నా మారుమోగుతుంది. నగరంలోని ఇలాంటి గనుల్లోనే క్రీస్తుపూర్వం 413లో ఏథెన్స్ యుద్ధఖైదీలను వేలాదిగా బంధించి ఉంచారు. ఇటాలియన్ చిత్రకారుడు కారవాజ్జో 1608లో ఇక్కడ గీసిన, ఊరి రక్షక సాధ్వి సంత లూచియా ఖననాన్ని చూపే చిత్రం చర్చిలు మారుతూ వచ్చింది కనుక, ప్రస్తుతం ఎక్కడుందో పర్యాటక కార్యాలయంలో అడిగి వెళ్ళండి.

తిండికి అపోలో గుడి శిథిలాల పక్కన పొద్దున సాగే బజారే ఆధారం, ఆదివారం ఉండదు. పకీనో టమాటాలు, వంకాయలు, బాదం, నిమ్మకాయలు, ఆ పొద్దు పట్టిన చేపలు దొరుకుతాయి. శాకాహారులకు వంకాయతో చేసే కాపొనాతా, పాస్తా అల్లా నోర్మా బాగా నచ్చుతాయి. అయితే కూరగాయల వంటకాల్లోనూ ఆంచోవీ చేప కలిపే అలవాటుంది కనుక ప్రతిసారీ అడగాలి. ఉదయం బాదం గ్రనీతాలో (తురిమిన ఐసులాంటి చల్లని తీపి) బ్రియోష్ అనే మెత్తటి రొట్టె ముంచుకు తినడం ఇక్కడి మర్యాద. కాఫీని కౌంటరు దగ్గర నిలబడి తాగితే చౌక. హోటల్ బిల్లులో తలకింత అని కనిపించే కోపెర్తో మోసం కాదు, బల్ల రుసుము.

స్నానానికి ఇసుక తీరం కోసం వెతకకండి. దీవి చుట్టూ రాళ్ళే ఎక్కువ, చిన్న గులకరాళ్ళ ఒడ్డు ఒకటి ఉంది, కనుక నీళ్ళలో వేసుకునే చెప్పులు అవసరం. బయటి ఊరు ఒక్కటి చాలు: 1693 భూకంపానికే కూలి మరోచోట కొత్తగా కట్టుకున్న నోతో, రైల్లో అరగంట పైచిలుకు. ఆదివారం రైళ్ళు బాగా తక్కువ. కాగితపు టికెట్‌ను ఎక్కేముందు స్టేషన్‌లోని యంత్రంలో ముద్ర వేయించాలి. సాయంత్రాల్లో ఒకటి జుదెక్కా వీధిలోని బొమ్మలాటకు కేటాయించండి. మన తోలుబొమ్మల్లా తెర మీద నీడలు కావు, ఇనుప కడ్డీలతో ఆడించే చెక్క వీరులు కత్తులు దూస్తారు.

వారంలో ఒక పూట విడివిడిగా గడపమని కూడా చెబుతాను. ఒకరు పావొలో ఓర్సీ మ్యూజియంలో కుండలు చూస్తుంటే మరొకరు ఒడ్డున పడుకోవచ్చు. రాత్రి భోజనం దగ్గర చెప్పుకోవడానికి కబుర్లు ఉంటాయి. రోజువారీ ఖర్చు ఎంతో, ఫోన్లు ఎప్పుడు పక్కన పెట్టాలో బయలుదేరకముందే ఒప్పుకుంటే మంచిది. తిరుగు విమానం తెల్లవారుజామునైతే చివరి రాత్రి కతానియాలోనే బస చేయండి. పగటి విమానమైతే ముందు రోజే బస్సు టికెట్ కొనిపెట్టుకుని, అనుకున్న దానికంటే ఒక బస్సు ముందుగా బయలుదేరండి.