గోజోకు వెళ్లేటప్పుడు టికెట్ కొనవలసిన పని లేదు

మధ్యధరా సముద్రంలోని మాల్టా చూడడానికి వెళ్లినవారు పక్కనే ఉన్న గోజో ద్వీపానికి ఎలా వెళ్లాలో తెలియక, హోటల్లో చెప్పిన ఖరీదైన ఒకరోజు ప్యాకేజీకే డబ్బు కట్టేస్తుంటారు. మొదటిసారి మేమూ అలాగే కట్టాము. రెండోసారి సొంతంగా వెళ్లాము, ఎంతో హాయిగా ఉంది.

మాల్టా రాజధాని వాలెట్టా బస్సు స్టాండులో 41 లేదా 42 నంబరు బస్సు ఎక్కి చివరి స్టాపు చిర్కెవ్వాలో దిగితే, ఎదురుగానే కార్లను కూడా మోసుకెళ్లే పెద్ద ఫెర్రీ ఉంటుంది. అక్కడ టికెట్ కోసం వరుసలో నిలబడనక్కర లేదు, నేరుగా ఎక్కేయవచ్చు. రానుపోను ఛార్జీని తిరిగి వచ్చేటప్పుడు గోజోలోని ఇమ్జార్ రేవులో ఒకేసారి తీసుకుంటారు. మేము వెళ్లినప్పుడు పెద్దలకు 4.65 యూరోలు. ప్రయాణం సుమారు 25 నిమిషాలు. బస్సుకు మాత్రం గంటకు పైగా పడుతుంది కనుక ఉదయం ఎనిమిదిలోపే బయలుదేరితే, గోజో ముఖ్య పట్టణం విక్టోరియాలోని కోటను, రమ్లా తీరంలోని ఎర్రటి ఇసుకను తీరిగ్గా చూడవచ్చు. ఇమ్జార్ రేవులో ముందుభాగాన రెండు కళ్లు చిత్రించిన రంగురంగుల చేపల పడవలను కాసేపు ఆగి తప్పక చూడండి.

ఒక్క జాగ్రత్త: వాలెట్టా నుంచి నేరుగా గోజోకు నడిచే వేగపు ఫెర్రీలకు ఈ పద్ధతి వర్తించదు, వాటికి ఎక్కే ముందే టికెట్ కొనవలసిందే.