పక్ లేవట్లేదా? మణికట్టును కాదు, కోసిన స్టిక్‌ను చూడండి

సాయంత్రం శివాజీ పార్కు రింకు పక్కన నా చేతికి వచ్చే స్టిక్కుల్లో చాలావరకు చెడిపోయినవి కావు, కొలత తప్పినవి. మనం ఆడేది చక్రాల స్కేట్ల మీద, సిమెంటు గచ్చు మీద. అయినా ఇన్‌లైన్ హాకీలో (ఒకే వరుసలో చక్రాలున్న స్కేట్లతో, పక్ అనే చదునైన బిళ్లతో ఆడే ఆట) చేతిలో ఉండేది ఐస్ హాకీ స్టిక్కే కాబట్టి, లేహ్‌లో మంచు మీద ఆడేవాళ్లు చూసుకునే లెక్కలే మనమూ చూసుకోవాలి. రెండు జతల చక్రాల స్కేట్లతో, బంతితో ఆడే క్వాడ్ రోలర్ హాకీ స్టిక్ సంగతి వేరు. అది 90 నుంచి 115 సెంటీమీటర్ల పొడవుతో, రెండు పక్కలా చదునుగా ఉంటుంది. ఇక్కడ రాసేవి దానికి వర్తించవు.

ఏ సమస్యకైనా ముందు రెండు చూడండి. దయచేసి ఇవి దాటేసి ముందుకు వెళ్లకండి.

మొదటిది, స్కేట్లు వేసుకుని కొలిచారా? స్టిక్‌ను నిలబెట్టినప్పుడు పై చివర స్కేట్ల మీద గడ్డం దగ్గరకి, ఉత్త కాళ్లతో అయితే ముక్కు దగ్గరకి రావాలి. ఇంట్లో చెప్పుల్లేకుండా గడ్డం దాకా కొలిచి కోసేస్తే, స్కేట్లు ఎక్కాక అది ఛాతీ దగ్గరే ఆగిపోతుంది. పిల్లాడు నడుము వంచేసి ఆడుతుంటే కారణం చాలాసార్లు ఇదే.

రెండోది, చేతివాటం. స్టిక్ మీద ఆర్ అని ఉంటే కుడి చేయి కింద, ఎల్ అని ఉంటే ఎడమ చేయి కింద ఉండాలి. "మావాడు కుడిచేత్తో రాస్తాడు" అని ఆర్ కొనేస్తారు. రాసే చేతిని బట్టి ఇది తేలదు. ఇంట్లో చీపురుకర్ర ఇచ్చి నేల మీద కాగితపు ఉండను నెట్టమనండి. ఏ చేయి కిందికి వెళ్తే అదే. బ్లేడ్ (పక్‌ను తాకే కింది పలక) వంపు ఒకవైపే ఉంటుంది, తిప్పి వాడడానికి కుదరదు.

షాట్‌లో బలం లేదు, పక్ నేల మీదే పాకుతోంది

నన్ను బాగా ఇబ్బంది పెట్టిన సమస్య ఇది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

36 కిలోల పిల్లాడొకడు ఉండేవాడు. స్కేటింగ్ బాగుంది, చూపు బాగుంది. రిస్ట్ షాట్ (స్టిక్‌ను వెనక్కి ఎత్తకుండా మణికట్టు ఊపుతో కొట్టేది) కొడితే మాత్రం పక్ మోకాలి ఎత్తు కూడా లేచేది కాదు. రెండు నెలలు వాడి మణికట్టు సరిచేస్తూ గడిపాను. గోడకి కొట్టించాను, బరువు ముందుకాలి మీదికి మార్చమన్నాను. లోపం వాడిదే అనుకున్నాను, వాడూ అలాగే అనుకున్నాడు. నాకు ఇప్పటికీ బాధగా ఉన్నది ఆ విషయమే. ఒకరోజు వాడి స్టిక్ తీసుకుని నేలకి ఆనించి నొక్కితే నాకే సరిగ్గా వంగలేదు. షాఫ్ట్ (స్టిక్‌లో పొడవాటి కర్ర భాగం) మీద ముద్రించిన ఫ్లెక్స్ అంకె 65.

వాళ్ల నాన్నగారిని అడిగితే "ఎదిగే పిల్లాడు కదా మాస్టారూ, రెండేళ్లు వస్తుందని పెద్ద సైజు తీసుకుని 5 అంగుళాలు కోయించాను" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. పిల్లల చొక్కా అయినా, చెప్పులైనా మనం కొనేది అలాగే.

ఫ్లెక్స్ అంటే షాఫ్ట్‌ను ఒక అంగుళం వంచడానికి సుమారుగా ఎన్ని పౌండ్ల బలం కావాలో చెప్పే అంకె. అది కోయని స్టిక్‌కు వేసిన అంకె. పొడవు తగ్గేకొద్దీ స్టిక్ గట్టిపడుతుంది. పొడవైన వెదురు బద్ద సులువుగా వంగుతుంది, అదే బద్దలో పొట్టి ముక్క వంగదు. 85 ఫ్లెక్స్ స్టిక్‌ను 2 అంగుళాలు కోస్తే 90 దాటుతుంది, 4 అంగుళాలు కోస్తే సుమారు 100 అవుతుంది. ఆ పిల్లాడి 65 కాస్తా 80 దాటిపోయింది. ముద్ర మాత్రం 65 అనే చూపిస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

ఆటగాడి బరువును పౌండ్లలో లెక్కవేసి సగం చేస్తే వచ్చేది వాడికి దగ్గరి ఫ్లెక్స్. 36 కిలోలంటే దాదాపు 80 పౌండ్లు, అంటే 40 సరిపోతుంది. వాడి చేతిలో అంతకు రెట్టింపు ఉంది. రిస్ట్ షాట్‌లో షాఫ్ట్ ముందు వంగి, తిరిగి నిటారు అయ్యేటప్పుడు పక్‌ను విసురుతుంది. వంగని స్టిక్ విసిరేదేముంది?

పరీక్ష చాలా చిన్నది. పిల్లాడిని స్కేట్ల మీద ఆడే భంగిమలో నిలబెట్టి, బ్లేడ్‌ను గచ్చుకి ఆనించి, కింది చేత్తో నొక్కమనండి. ఎగరకుండా, మామూలు బలంతో నొక్కితే షాఫ్ట్ వంగడం పక్కనున్నవాళ్లకి కనిపించాలి. కనిపించకపోతే ఇక కోచింగ్ పద్ధతి మార్చకండి, స్టిక్ మార్చండి.

కోసిన స్టిక్‌కు పై చివర ప్లగ్ బిగించి పొడవు పెంచితే కొంత మెత్తబడుతుంది, కానీ పిల్లాడికి మళ్లీ పొడవైపోతుంది. ఆ స్టిక్‌ను బరువున్న అన్నయ్యకో, పొట్టిగా ఉన్న పెద్ద ఆటగాడికో ఇచ్చేసి, పిల్లాడికి జూనియర్ సైజు కొనండి. ఒక అంగుళం, మహా అయితే రెండు కోస్తే చాలు అన్నంత దగ్గరి పొడవు చూడండి. కోతకి ఫ్లెక్స్ ఎంత పెరుగుతుందో కొన్ని స్టిక్కుల షాఫ్ట్ మీద గీతలు గీసి రాస్తారు. హ్యాక్సా పట్టుకునే ముందు అవి చదవండి. కోసిన స్టిక్ వాపసు తీసుకోరు.

బ్లేడ్ టేప్ ఒక వైపే అరుగుతోంది, పాస్ బ్లేడ్ కింద నుంచి జారిపోతోంది

గచ్చు మీద టేప్ తొందరగా అరుగుతుంది కాబట్టి ఇది కనిపెట్టడం మనకి సులువు. కొత్త టేప్ వేసి రెండు రోజులు ఆడించి తిరగేసి చూడండి. బ్లేడ్ మడమ వైపు, అంటే షాఫ్ట్‌కి కలిసే వైపు అరిగితే ముందు పొడవు అనుమానించండి, స్టిక్ పొడవై బ్లేడ్ కొన పైకి లేస్తోంది. పొడవు సరిగ్గానే ఉంటే లై అంకె తక్కువది కావాలి. కొన వైపు అరిగితే ఇదంతా తారుమారు: స్టిక్ పొట్టిదై ఉండొచ్చు, లేదా లై అంకె ఎక్కువది కావాలి. లై అంటే షాఫ్ట్‌కీ బ్లేడ్‌కీ మధ్య కోణం. లై 5 అంటే 135 డిగ్రీలు, అంకె ఒకటి పెరిగితే కోణం 2 డిగ్రీలు తగ్గి షాఫ్ట్ నిటారవుతుంది. వంగి ఆడేవాళ్లకి తక్కువ లై, నిటారుగా ఆడేవాళ్లకి ఎక్కువ లై నప్పుతుంది.

ప్రతి షాట్ గోల్ మీదుగా ఎగిరిపోతోంది

ఇది ఎక్కువగా బ్లేడ్ వంపు వల్ల. పి 92 రకం (ఇవి వంపు నమూనాల పేర్లు) బ్లేడ్ ముఖం తెరుచుకుని, అంటే కాస్త పైకి తిరిగి ఉంటుంది, పక్ సులువుగా లేస్తుంది. అదుపు రాని పిల్లలకి అదే సమస్య. ముఖం అంతగా తెరుచుకోని పి 88 రకంతో షాట్ కిందుగా వెళ్తుంది, పాసులు, బ్యాక్‌హ్యాండ్ నిలకడగా వస్తాయి. కొన దగ్గర వంపు ఉండే పి 28 చేయి తిరిగినవాళ్లకి బాగుంటుంది, మొదటి స్టిక్‌గా నేను ఇప్పించను.

ఫార్వర్డ్‌కి సరిపోయింది, డిఫెన్స్‌లో అందట్లేదు

రెండు స్థానాలకీ ఒకే కొలత స్టిక్ వాడితే ఇలాగే ఉంటుంది. డిఫెండర్‌కి అంగుళమో రెండో ఎక్కువ పొడవు కావాలి, పోక్ చెక్‌కి (ఎదుటివాడి దగ్గరి పక్‌ను స్టిక్ కొనతో పొడిచి తప్పించడానికి) చేయి సాగుతుంది. స్లాప్ షాట్ (స్టిక్‌ను వెనక్కి ఎత్తి బలంగా కొట్టేది) ఎక్కువ కొడితే మధ్యలో వంగే షాఫ్ట్ మంచిది. గోల్ ముందు క్షణంలో కొట్టేయాల్సిన ఫార్వర్డ్‌కి కింద బ్లేడ్ దగ్గర వంగే షాఫ్ట్, కాస్త పొట్టి స్టిక్ నప్పుతాయి. పిల్లాడు ఎక్కడ ఆడతాడో ఇంకా తేలకపోతే గడ్డం కొలతే ఉంచండి.

బ్లేడ్ అంచు పెచ్చులూడుతోంది

ఖరీదైన కాంపోజిట్ బ్లేడ్‌ను గరుకు గచ్చు మీద రుద్దితే ఊడక తప్పదు. ప్రాక్టీసుకి ఏబీఎస్ ప్లాస్టిక్ బ్లేడ్ ఉన్న స్టిక్ వాడి, మంచిదాన్ని నున్నటి రింకులో మ్యాచ్‌లకి దాచుకోండి. మన ఉక్కపోతకి బ్లేడ్ టేప్ జిగురు ముద్దగా అవుతుంది. అది గీకి పారేసి కొత్తది చుట్టండి, దాని మీదే ఇంకో పొర వేయకండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా షాట్ చచ్చుగా వస్తే షాఫ్ట్‌లో పైకి కనపడని పగులు ఉండొచ్చు, అరుదు. వేలితో కొడుతూ పైనుంచి కిందికి రండి. ఒకచోట శబ్దం మారితే ఆ స్టిక్ పక్కన పెట్టేయండి, టేప్ చుట్టి ఆడించకండి. విరిగిన కాంపోజిట్ అంచు చేతులు కోసేస్తుంది.