కుక్కతో పార్కుకా? ముందు ఆ నేల ఎవరిదో చూసుకోండి

అమెరికాలో కాస్త కుదురుకున్నాక చాలా తెలుగు ఇళ్లలోకి ఒక కుక్కపిల్ల వస్తుంది. పిల్లలు అడుగుతారు, మనం కొన్నాళ్లు వద్దంటాం, చివరికి తెస్తాం. ఆ తర్వాత వచ్చే మొదటి లాంగ్ వీకెండ్‌కే ప్రశ్న మొదలవుతుంది: దీన్ని కూడా క్యాంపింగ్‌కి తీసుకెళ్లొచ్చా?

వెబ్‌సైట్‌లో ‘పెట్స్ అలౌడ్’ అని కనబడగానే సామాన్లు సర్దేస్తే అక్కడికెళ్లాక ఇబ్బంది పడతారు. పార్కులోకి రానివ్వడం వేరు, ట్రైల్ (కొండల్లో, అడవిలో నడక దారి) మీద నడవనివ్వడం వేరు. కుక్కను ఎక్కడిదాకా రానివ్వాలో తేల్చేది ఆ నేలను చూసుకునే సంస్థ. అది సిటీ కావచ్చు, కౌంటీ కావచ్చు, రాష్ట్రం, నేషనల్ పార్క్ సర్వీస్, ఫారెస్ట్ సర్వీస్ ఏదైనా కావచ్చు. ఒక్కొక్కరి రూల్స్ ఒక్కో రకం.

శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మౌంట్ టామల్పైస్ ఉంది, బే ఏరియా మనవాళ్లకు తెలిసిన కొండే. దాని అడుగున ఉన్న మ్యూర్ వుడ్స్ నేషనల్ పార్క్ సర్వీస్‌ది. వైకల్యం ఉన్నవాళ్లకు సాయపడేలా శిక్షణ పొందిన సర్వీస్ డాగ్ తప్ప మరే కుక్కా అందులోకి రాకూడదు. పైన స్టేట్ పార్క్ ఉంది. అక్కడ పిక్నిక్ స్థలాల్లో, క్యాంప్‌గ్రౌండ్‌లో లీష్‌తో (కుక్కను పట్టుకునే తాడుతో) ఉంచుకోవచ్చు కానీ ట్రైల్స్ మీదికి వీల్లేదు. దాన్ని ఆనుకునే స్థానిక నీటి సరఫరా సంస్థ భూమి ఉంది. ఆ ట్రైల్స్ మీద లీష్ ఉంటే చాలు, హాయిగా నడిపించుకోవచ్చు. కొండ దిగి స్టిన్సన్ బీచ్‌కి వెళ్తే ఇంకా తమాషా. నేషనల్ పార్క్ సర్వీస్ భాగంలో ఇసుక మీదికి కుక్క రాకూడదు, దాని ఉత్తరాన కౌంటీ భాగంలో రావచ్చు. ఇసుక మీద గీత ఎవరూ గీయరు కాబట్టి బోర్డులు చదువుకుంటూ నడవాలి.

కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా పొరబడేది నేషనల్ పార్కుల విషయంలో. అంత పెద్ద అడవి, అంత ఖాళీ స్థలం, కుక్కకు ఇంతకంటే మంచి చోటు ఏముంటుంది అనిపిస్తుంది. నిజానికి కట్టుబాట్లు అక్కడే ఎక్కువ. యోసెమిటీలో పెంపుడు కుక్క తారు రోడ్లు, ఫుట్‌పాత్‌లు, సైకిల్ దారులు దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్లలేదు. షటిల్ బస్సు కూడా ఎక్కకూడదు. యెల్లోస్టోన్‌లో రోడ్డుకు, పార్కింగ్‌కు, క్యాంప్‌గ్రౌండ్‌కు 100 అడుగుల లోపే ఉండాలి. వేడినీటి బుగ్గల దగ్గర వేసిన చెక్క దారుల మీదికి అసలు రానివ్వరు, ఎందుకంటే మరిగే నీటిలోకి దూకి చనిపోయిన కుక్కలున్నాయి. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్‌లో రెండే రెండు ట్రైల్స్ కుక్కలకు తెరిచి ఉంటాయి, జయాన్‌లో ఒక్కటే. గ్రాండ్ కాన్యన్‌లో సౌత్ రిమ్ అంచు మీద నడిపించొచ్చు కానీ లోయలోకి దించకూడదు. అక్కడ ఒక కెన్నెల్, అంటే కుక్కలను ఉంచి చూసుకునే చోటు, ఉంది. ముందే బుక్ చేసుకుని, వ్యాక్సిన్ కాగితాలు చూపించి, పగలు దాన్ని అక్కడ వదిలి లోయలోకి వెళ్లొచ్చు.

ఇదేదో ఉత్త కఠినత్వం కాదు. జింకకు, కుందేలుకు కుక్క వాసనంటే వేటాడే జంతువు వాసనే. కుక్క వెళ్లిపోయాక కూడా అవి ఆ దరిదాపులకు రావడానికి జంకుతాయి. ఎలుగుబంటిని చూసి మొరిగే కుక్క చివరికి భయపడి పరుగెత్తుకొచ్చేది మన దగ్గరికే, వెనకాల ఎలుగుబంటిని వెంటబెట్టుకుని. చిన్న జాతి కుక్కయితే కొయోటీకి (తోడేలు లాంటి అడవి జంతువు) అదే ఆహారం.

కుక్కతో నడవాలన్నదే మీ కోరికైతే నా సలహా ఒకటే: నేషనల్ పార్కు పక్కనున్న నేషనల్ ఫారెస్ట్‌కి వెళ్లండి. పేర్లు దగ్గరగా ఉన్నా సంస్థలు వేరు. నేషనల్ ఫారెస్ట్ ట్రైల్స్‌లో ఎక్కువ శాతం కుక్కలకు తెరిచే ఉంటాయి. యోసెమిటీ చుట్టూ స్టానిస్లాస్, సియెరా, ఇన్యో ఫారెస్టులున్నాయి. స్మోకీస్ పక్కన పిస్గా, నాంటహాలా, చెరోకీ ఉన్నాయి. చెట్లు అవే, కొండలు అవే, జనం తక్కువ. నేషనల్ పార్కే కావాలంటే తూర్పు తీరం వాళ్లు అదృష్టవంతులు. షెనాండోవాలో సుమారు 500 మైళ్ల ట్రైల్స్‌లో 20 మైళ్లు తప్ప మిగతావన్నీ కుక్కలు నడవచ్చు. మెయిన్ రాష్ట్రంలోని అకేడియాలో కూడా 100 మైళ్ల దాకా నడవచ్చు.

చాలా చోట్ల లీష్ తప్పదు. నేషనల్ పార్కుల్లో దాని పొడవు 6 అడుగులు మించకూడదని ఫెడరల్ రూల్. కాలిఫోర్నియా, టెక్సస్ స్టేట్ పార్కుల్లోనూ అంతే. బటన్ నొక్కితే సాగే లీష్‌లు సూపర్‌మార్కెట్‌లో చవగ్గా దొరుకుతాయి కానీ అది 15 అడుగులు సాగిన క్షణాన మీరు రూల్ తప్పినట్టే. పైగా అవతల ఇంకో కుక్క ఎదురైతే ఆ సన్నని తాడు చేతిని కోసేస్తుంది. మామూలు నైలాన్ లీష్ కొనండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల చేతికి లీష్ ఇచ్చేముందు కుక్క ఎంత బలంగా లాగుతుందో చూపించి ఇవ్వండి. చెట్టుకు కట్టేసి ట్రైల్ నడిచి రావడం కూడా నేషనల్ పార్కుల్లో నేరమే. దంపతుల్లో ఒకరు కుక్క దగ్గరుంటే ఒకరు వెళ్లి రావాలి, లేదా ఊళ్లోనే డాగ్ సిట్టర్‌కి అప్పజెప్పి రావాలి.

కారులో వదిలి వెళ్లడం అన్నిటికన్నా ప్రమాదం. బయట 70 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మనకు చల్లగా ఉందనిపించే రోజున కూడా, మూసిన కారులో అరగంటకు 100 దాటుతుంది. అద్దం కాస్త దించితే సరిపోతుందన్నది భ్రమ. కాలిఫోర్నియాలో ప్రాణాపాయంలో ఉన్న కుక్కను కాపాడటానికి దారిన పోయేవాళ్లు కొన్ని షరతులకు లోబడి కారు అద్దం పగలగొట్టడానికి కూడా చట్టం ఒప్పుకుంటుంది.

క్యాంప్‌గ్రౌండ్‌లో పగలు ఎంత సరదాగా గడిచినా రాత్రే పరీక్ష. చాలా చోట్ల రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిశ్శబ్దం పాటించాలి. కొత్త చోట, కొత్త చప్పుళ్లకు మొరగని కుక్క అరుదు. కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో రాత్రిపూట దాన్ని టెంట్‌లోనో మూసిన వాహనంలోనో ఉంచుకోవాలి, బయట కట్టేస్తే కుదరదు. మొదటిసారి వెళ్లేముందు పెరట్లో టెంట్ వేసి ఒక రాత్రి అందులో పడుకోబెట్టి చూడండి. ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతాల్లో కుక్క తిండి కూడా మన తిండి కిందే లెక్క. బస్తా, గిన్నె రెండూ ఇనుప ఫుడ్ లాకర్‌లో పెట్టాలి. కొన్ని వాక్-ఇన్ (కారు దూరంగా ఆపి నడిచి వెళ్లే) క్యాంప్‌గ్రౌండ్లు, ఉదాహరణకు యోసెమిటీలోని క్యాంప్ 4, పెంపుడు జంతువులను అసలు ఒప్పుకోవు. సైట్ బుక్ చేసేటప్పుడే ఆ వివరం చదవండి.

మలం సంచిలో ఎత్తి చెత్తబుట్టలో వేయాలని అందరికీ తెలుసు. తిరిగి వచ్చేటప్పుడు తీసుకుంటాంలే అని ఆ సంచిని దారి పక్కన వదిలేసే అలవాటు మాత్రం మానాలి. చాలామంది మర్చిపోతారు, రేంజర్లకు అది చెత్త వేయడం కిందే లెక్క.

ఇక మన వనభోజనాల సంగతి. కార్తీకంలోనో వేసవిలోనో తెలుగు సంఘాలు కౌంటీ పార్కులో షెల్టర్ బుక్ చేసి వంద మందిని పిలుస్తాయి. అక్కడికి కుక్కను తేవాలంటే ముందు నిర్వాహకులను అడగండి. మనవాళ్లలో కుక్కంటే భయపడేవాళ్లు చాలామంది ఉంటారు, చిన్నపిల్లలు కేకలేస్తూ పరిగెత్తుతారు, కుక్క అదంతా ఆటే అనుకుంటుంది. “ఏం చేయదండీ” అన్న భరోసా భయపడేవాళ్లకు ఏ భాషలోనూ పనిచేయదు. దాన్ని పక్కకు తీసుకెళ్లడమే మర్యాద. తిండి విషయం ఇంకా ముఖ్యం. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలను పాడుచేస్తాయి. అంటే బిర్యానీ, వేపుడు, పాయసం అన్నీ దానికి ప్రమాదమే. ఉడికిన కోడి ఎముక విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. పాపం అడుగుతోంది కదా అని ప్రేమగా పెట్టే పెద్దమ్మలకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

ఎమోషనల్ సపోర్ట్ యానిమల్, అంటే మనసుకు ఊరటనిచ్చే జంతువు, అని ఉత్తరం ఉంది కాబట్టి ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చనుకోకండి. ఒక వైకల్యానికి సంబంధించిన పని చేయడానికి శిక్షణ పొందిన కుక్కే సర్వీస్ డాగ్. ఆన్‌లైన్‌లో డబ్బులు కట్టి తెప్పించుకునే సర్టిఫికెట్‌కి, జాకెట్‌కి చట్టంలో ఏ విలువా లేదు. వాటికి ఖర్చు పెట్టకండి.

రేబిస్ టీకా సర్టిఫికెట్ ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి, లైసెన్స్ బిళ్ల మెడలో ఉండాలి. ఇండియాలోని కుక్కను వెంట తెచ్చుకోవాలనుకునేవాళ్లకు 2024 ఆగస్టు 1 నుంచి రూల్స్ మారాయి. కుక్కకు కనీసం 6 నెలలు నిండాలి, మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) రేబిస్ టీకాకు ముందే వేయించాలి, సీడీసీ (అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ) ఫారం నింపాలి. రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో ఇండియా ఉంది. కాబట్టి అక్కడ టీకా వేయించిన కుక్క సీడీసీ గుర్తించిన కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. టీకా పనిచేసిందని చూపే రక్తపరీక్ష రిపోర్ట్ లేకపోతే 28 రోజులు క్వారంటైన్‌లో ఉంచుతారు, ఆ ఖర్చు మనదే. పరీక్షకు రక్తం ప్రయాణానికి కనీసం 28 రోజుల ముందు తీయించాలి. అందుకే మీ టికెట్ బుక్ చేసేముందే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వెట్‌ను (పశువైద్యుణ్ని) కలిసి తేదీలు లెక్కేసుకోండి.