ఒక్క కేబుల్‌తో బొమ్మా రావాలి, ఛార్జింగూ ఎక్కాలి

"అన్నయ్యా, బొమ్మ వస్తోంది గానీ ఛార్జింగ్ ఎక్కట్లేదు" అని మా చెల్లి విజయవాడ నుంచి ఫోన్ చేసింది. ఇంటి నుంచే పని చేస్తుంది, లాప్‌టాప్‌కి తగిలించుకోవడానికి కొత్తగా 27 అంగుళాల మానిటర్ కొనుక్కుంది. షాపులో "టైప్ సీ ఉందమ్మా, ఒక్క వైరుతో అంతా అయిపోతుంది" అన్నారట. ఆదివారం వెళ్లి చూశాను. టైప్ సీ ఉన్నమాట నిజమే. పెట్టెలోని కాగితం మడత విప్పి చదివితే దాని ఎదురుగా 15 వాట్లు అని ఉంది. ఫోన్‌కైతే సరిపోతుంది, లాప్‌టాప్‌కి ఏం సరిపోతుంది! బిల్లు దాచిపెట్టింది కాబట్టి, ఇంకాస్త డబ్బు కట్టి వేరేది తెచ్చుకున్నాం.

మీకు ఆ తిరుగుడు తప్పాలంటే, షాపుకి వెళ్లే ముందు లాప్‌టాప్‌తో వచ్చిన ఛార్జర్‌ని ఒకసారి తిరగేయండి. నల్ల ప్లాస్టిక్ మీద బూడిద రంగు అక్షరాలు, చీమల బారులా ఉంటాయి. ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకుంటే హాయిగా కనిపిస్తాయి. అందులో అవుట్‌పుట్ అన్న వరస పట్టుకోండి. చెల్లి ఛార్జర్ మీద చివరగా 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉంది. రెండూ గుణిస్తే 65 వాట్లు. ఈ అంకె కాగితం మీద రాసుకుని వెళ్లండి.

మానిటర్ వివరాల్లో "పవర్ డెలివరీ", అంటే టైప్ సీ ద్వారా కరెంటు ఇవ్వడం, అన్న మాట కోసం వెతకండి. దాని పక్కన 65 అనో 90 అనో వాట్లు రాసి ఉంటాయి. మీ అంకెకి సమానంగానో ఎక్కువగానో ఉంటే నిశ్చింతగా కొనొచ్చు. 45 వాట్ల లాప్‌టాప్‌కి 90 వాట్ల మానిటర్ తగిలిస్తే కాలిపోతుందేమో అని చాలామంది భయపడతారు. కాలిపోదు. కేబుల్ పెట్టగానే మొదట వచ్చేది 5 వోల్టులే. నా దగ్గర ఇవీ ఉన్నాయి అని మానిటర్ చెబుతుంది, అందులో తనకి కావలసింది లాప్‌టాప్ అడుగుతుంది, అప్పుడే వోల్టేజీ పెరుగుతుంది. అడిగినదానికంటే ఎక్కువ రాదు. తక్కువైతేనే ఇబ్బంది. మెయిళ్లు చూసుకుంటున్నంతసేపు బాగానే ఉంటుంది, వీడియో కాల్‌లో ఉండి నాలుగు పెద్ద ఫైళ్లు తెరిచేసరికి ప్లగ్ గుర్తు కనిపిస్తూనే బ్యాటరీ దిగిపోతుంది.

లాప్‌టాప్ వైపు కూడా చూడాలి. టైప్ సీ రంధ్రం ఉన్నంత మాత్రాన అది ఛార్జింగ్ తీసుకోవాలని లేదు, బొమ్మ పంపాలనీ లేదు. మీ అసలు ఛార్జరే టైప్ సీ అయితే ఛార్జింగ్ సంగతి తేలిపోయినట్టే. గుండ్రటి పిన్ను ఛార్జర్ అయితే మాత్రం మీ మోడల్ మాన్యువల్ తీసి చదవండి, ఊహతో కొనకండి. 180, 240 వాట్ల ఛార్జర్లతో వచ్చే గేమింగ్ లాప్‌టాప్‌లకి ఈ పద్ధతి నేను చెప్పను, వాటి ఛార్జర్ వాటికి ఉండనివ్వండి.

ఇక కేబుల్. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఫోన్‌తో వచ్చిన టైప్ సీ కేబుల్, మానిటర్‌తో వచ్చిన టైప్ సీ కేబుల్ పక్కపక్కన పెడితే కొసలు అచ్చు ఒకేలా ఉంటాయి. పట్టుకుని చూడండి, మానిటర్ కేబుల్ లావుగా, కాస్త బిరుసుగా ఉంటుంది. బొమ్మని మోసే తీగలు దానిలో వేరే ఉంటాయి. ఫోన్ కేబుళ్లలో చాలావాటికి అవి ఉండవు, అందుకే వాటితో ఛార్జింగ్ ఎక్కినా తెర నల్లగానే ఉంటుంది. ఇంకొకటి, మామూలు కేబుల్ 3 ఆంపియర్లే మోస్తుంది. 20 వోల్టుల దగ్గర అది 60 వాట్లు. అంతకు మించి కావాలంటే లోపల చిన్న చిప్ ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ కావాలి. కాబట్టి పెట్టెలో వచ్చిన కేబులే వాడండి. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో మాత్రం లాప్‌టాప్ ఎప్పటికీ ఛార్జ్ అవ్వదు.

కలపడం రెండు నిమిషాల పని. మానిటర్‌ని ముందు గోడ సాకెట్‌లో పెట్టి ఆన్ చేయండి. వెనక రెండు టైప్ సీ రంధ్రాలుంటే వాట్ల అంకె ఉన్నదే లాప్‌టాప్‌కి, రెండోది తరచుగా ఫోన్లకో పెన్‌డ్రైవ్‌లకో ఇస్తారు. కేబుల్ పెట్టాక బొమ్మ రాకపోతే మానిటర్ బటన్లతో ఇన్‌పుట్ టైప్ సీకి మార్చండి. విండోస్‌లో ఛార్జర్ నెమ్మదిగా ఉందన్న హెచ్చరిక వస్తే వాట్లు చాలట్లేదని అర్థం. మ్యాక్‌లో అయితే సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో పవర్ అన్నచోట ఎన్ని వాట్లు వస్తున్నాయో అంకెతో సహా చూపిస్తుంది.

కొత్త మానిటర్ పెట్టిన మర్నాడే చెల్లి మళ్లీ ఫోన్ చేసింది. రాత్రి మానిటర్ బటన్ నొక్కి పడుకుందట, పొద్దున లాప్‌టాప్‌లో 18 శాతమే ఉంది. ఆ మోడల్ మెనూలో, మానిటర్ ఆఫ్‌లో ఉన్నా టైప్ సీ ఛార్జింగ్ ఇవ్వాలా వద్దా అని అడిగే వరస ఒకటి ఉంది. అది ఆఫ్‌లో ఉంది. ఫోన్‌లోనే చెప్పి ఆన్ చేయించాను. రోజంతా ఇలా తగిలించే ఉంచుతారు కాబట్టి, మీ లాప్‌టాప్‌లో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సదుపాయం ఉంటే అది పెట్టేయండి, బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుంది.

కరెంటు పోయే ఊళ్లలో ఉన్నవాళ్లకి ఇంకో మాట. ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో మానిటర్ ఒకసారి ఆరి వెలగొచ్చు. లాప్‌టాప్ తన బ్యాటరీ మీద నడుస్తుంది, దానికేం కాదు. కానీ మానిటర్ వెనక గుచ్చిన పెన్‌డ్రైవ్, హార్డ్ డిస్క్, నెట్ కేబుల్ అన్నీ ఆ క్షణంలో తెగిపోతాయి. అందుకని చెల్లి హార్డ్ డిస్క్‌ని మానిటర్ నుంచి పీకి నేరుగా లాప్‌టాప్‌కే గుచ్చి వచ్చాను.