దూడల పెంపకం – నాలుగో పాఠం: పాలతో పాటు పెట్టవలసిన మేత

పుట్టిన రెండు గంటల లోపే దూడకు జున్నుపాలు ఎందుకు తాగించాలో, బొడ్డుకు టింక్చర్ అయోడిన్ ఎలా పూయాలో గత పాఠంలో నేర్చుకున్నాం. మీ పాకలో దూడకు ఇప్పుడు పది పన్నెండు రోజులు దాటి ఉంటాయి. తల్లి మేస్తున్న వరిగడ్డి దగ్గరికి వెళ్ళి వాసన చూస్తుంది, ఒక పోచ నోట్లో పెట్టుకుని నములుతుంది. ఈ వారం మన పని ఆ పోచతో మొదలవుతుంది.

మేత పెట్టే ముందు దూడ కడుపు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి. పెద్ద గేదెకు నాలుగు పొట్టల్లో మొదటిదే పెద్దది, దాన్నే పెద్దపొట్ట అంటాం. గడ్డిని పులియబెట్టే కోట్ల సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి. పుట్టిన దూడలో ఇది తలకిందులు. నాలుగో పొట్ట పెద్దది, పెద్దపొట్ట ముడుచుకున్న ఖాళీ సంచి. తాగిన పాలు ఒక కాలువలాంటి మడత గుండా పెద్దపొట్టను తాకకుండానే నాలుగో పొట్టలోకి జారిపోతాయి. అంటే మూడు నెలల లోపు దూడ ఇంకా పూర్తిగా నెమరువేసే పశువు కాలేదు. తల్లికి బలమైన మేత దూడకు విషం కావచ్చు.

ఈ మాట నేను నష్టపోయి నేర్చుకున్నాను. ప్రకాశం జిల్లా కొండపి దగ్గర మా పాకలో రెండు నెలల ముర్రా పెయ్యకు, తల్లికి పెట్టే పత్తి చెక్కే రోజూ గుప్పెడు పెట్టాం. పత్తి చెక్క తిన్న గేదె పాలు బాగా ఇస్తోంది కదా, దూడ కూడా పుష్టిగా పెరుగుతుందనుకున్నాం. కొన్ని వారాలకు దానికి ఆయాసం మొదలైంది, మేత మానింది, ఒక ఉదయం లేవలేదు. పత్తి గింజలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుందనీ, పెద్ద గేదె పెద్దపొట్టలో దాని తీవ్రత చాలావరకు తగ్గిపోతుందనీ, దూడకు ఆ రక్షణ లేదనీ పశువైద్యుడు చెప్పినప్పుడు తెలిసింది. అందుకే ఈ పాఠంలో ఏది పెట్టాలో ఎంత చెబుతానో, ఏది పెట్టకూడదో కూడా అంతే గట్టిగా చెబుతాను.

ఖాళీ సంచిని పనిచేసే పొట్టగా మార్చేది ముఖ్యంగా గింజల దాణా. గింజలు పులిసినప్పుడు పుట్టే ఆమ్లాలు పెద్దపొట్ట లోపలి గోడ మీద చిన్న చిన్న వేళ్ళలాంటి మొలకలను పెంచుతాయి. మేతలోని సారాన్ని పీల్చేవి అవే. గడ్డి సంచిని సాగదీస్తుంది కానీ ఆ మొలకలను అంతగా పెంచదు. గడ్డి మాత్రమే తిన్న దూడకు కడుపు ఉబ్బెత్తుగా, వీపు ఎముకలు తేలి కనిపించేది ఇందుకే.

పది కిలోల దాణా ఇలా కలపండి: మొక్కజొన్న నూక 5 కిలోలు, వేరుశనగ చెక్క 3 కిలోల 200 గ్రాములు, తవుడు ఒక కిలో, మునగాకు పొడి అర కిలో, ఖనిజ లవణ మిశ్రమం 200 గ్రాములు, ఉప్పు 100 గ్రాములు. ఇందులో మాంసకృత్తులు వందకు ఇరవై పాళ్ళకు పైగా ఉంటాయి. దూడకు కావలసింది అంతే. చెక్కను విరిచి వాసన చూడండి. బూజు వాసన వస్తే పారేయండి, ఎండబెట్టి వాడవద్దు. వేరుశనగ చెక్కకు పట్టే బూజు విషం ఎండకు పోదు, లేత దూడ కాలేయం మీద మొదట దెబ్బ కొడుతుంది.

దూడ పాలు తాగి మూతి నాకుతున్నప్పుడే చిటికెడు దాణా వేళ్ళతో నోటికి అందించండి. రెండు మూడు రోజుల్లో అదే తొట్టి దగ్గరికి వస్తుంది. మొదటి వారం రోజుకు 50 గ్రాములు చాలు. మిగిలింది సాయంత్రం తీసి గేదెకు వేసి, మర్నాడు కొత్తది పెట్టండి. పక్కన మంచినీళ్ళు తప్పనిసరి. పాలు నాలుగో పొట్టకు పోతాయి కాబట్టి పెద్దపొట్టలో సూక్ష్మజీవులు బతకడానికి విడిగా నీళ్ళు కావాలి. చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు ఇదే.

మునగాకు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన మెట్ట ఊళ్ళలో రోహిణి కార్తె నాటికి పచ్చిమేత కనుమరుగవుతుంది. ఎండు వరిగడ్డిలో ఎ విటమిన్‌కు మూలమైన పదార్థం దాదాపు ఉండదు. మునగాకులో అది పుష్కలంగా ఉంది, ఎండిన ఆకులో పావువంతు వరకు మాంసకృత్తులే. రెమ్మలు కోసి వసారాలో నీడన ఆరబెట్టండి. ఎండలో పోస్తే ఆకు తెల్లబడి ఆ విటమిన్ మూలం పోతుంది. ఆకుపచ్చ రంగు చెడకుండా గలగలలాడితే నలిపి డబ్బాలో పోయండి. తమలపాకు తోటల్లో తీగకు ఊతంగా వేసే అవిశ కూడా మంచిదే. ఒక పూట వడలనిచ్చి, నెల దాటిన దూడకు రెండు రెమ్మలు కట్టండి. నెల్లూరు డెల్టాలో వరి కోశాక వేసే పిల్లిపెసర లేత కొసలు కూడా అంతే.

కాగితపు మిల్లుల కోసం పెంచే సుబాబుల్ మన జిల్లాలో ఎక్కడ చూసినా ఉంటుంది. ఆరు నెలల లోపు దూడకు దాని ఆకు వద్దు. అందులోని మైమోసిన్ వల్ల వెంట్రుకలు రాలుతాయి, ఎదుగుదల ఆగుతుంది.

దూడకు బెల్లం నీళ్ళు పట్టవద్దంటే ఇంటి పెద్దలతో వాదించవలసి వస్తుంది, నాకు తెలుసు. చెరకు చక్కెరను విడగొట్టే ఎంజైము దూడ పేగుల్లో లేదు. అరగని బెల్లం పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలు పెంచుతుంది. దూడ పారుకుంటుంటే పాలు ఆపకండి. పాలకూ పాలకూ మధ్య ఓఆర్ఎస్ పొడి కలిపిన నీళ్ళు పట్టండి. అందులోని గ్లూకోజు దూడకు అరుగుతుంది. కళ్ళు లోపలికి పోయినా, మెడ చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా ఆలస్యం చేయకుండా 1962కు ఫోను చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న దూడకు రోజూ రెండు చెంచాల తాజా పెరుగు పెట్టవచ్చు. పులిసిపోయింది వద్దు.

దూడ మన్ను తింటే మూతికి చిక్కం కట్టి వదిలేస్తారు. చిక్కం మన్నును ఆపుతుంది, కారణాన్ని ఆపదు. లవణాల లోపమో, కడుపులో పాములో ఉంటాయి. గేదె దూడకు ఏలికపాము పిల్లలు తల్లి పాలతోనే వస్తాయి. వేపాకు ముద్ద మీద ఆధారపడకండి. వెదురు గొట్టంతో బలవంతంగా పోస్తే రసం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. పుట్టిన పదిహేను రోజుల లోపే పశువైద్యశాలలో పాముల మందు వేయించండి.

ఈ వారం అభ్యాసం: దూడ ముందుకాళ్ళ వెనుక ఛాతీ చుట్టూ టేపుతో కొలిచి తేదీతో రాసుకోండి. రోజూ తొట్టిలో పోసిన దాణా, మిగిలిన దాణా తూచి పక్కనే రాయండి. వచ్చే వారం అదే రోజు మళ్ళీ కొలవండి. దూడ రోజుకు కిలో దాణా వరుసగా మూడు రోజులు తినే దాకా పాలు పూర్తిగా మాన్పించకండి. ఐదో పాఠం పాలు తగ్గించే పద్ధతి గురించే. అప్పుడు మీ పుస్తకంలోని ఈ అంకెలు మనకు కావాలి.