సెంటెనియల్ ఒక్కటే చాలు: 20 లీటర్ల పేల్ ఏల్‌కి హాప్స్ లెక్క

పేల్ ఏల్ అనే బీరు కాచేటప్పుడు చేదుకొకటి, వాసనకొకటి అని రెండు రకాల హాప్స్ (బీరులో వేసే ఒక తీగ పూలు) కొనక్కర్లేదు. 1990లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన సెంటెనియల్ రకం రెండు పనులూ చేస్తుంది. చేదుకి మూలమైన ఆల్ఫా ఆమ్లాలు 9.5 నుంచి 11.5 శాతం దాకా ఉంటాయి కాబట్టి కొద్దిగా వేసినా చేదు దిగుతుంది. హాప్స్‌ని పొడిచేసి అచ్చొత్తిన గుళికను అరచేతిలో నలపండి: పసుపచ్చ జిగురు అంటి, నిమ్మతొక్క, పూల వాసన కొట్టాలి. చీజ్ వాసన వస్తే సరుకు పాతబడినట్టే, పారేయండి.

కిటుకంతా ఎప్పుడు వేస్తామన్న దాంట్లోనే ఉంది. ఎక్కువసేపు మరిగితే ఆల్ఫా ఆమ్లాలు రూపం మారి చేదునిస్తాయి, వాసన నూనెలు మాత్రం ఆవిరైపోతాయి.

1.055 సాంద్రత (నీటిది 1.000) ఉన్న వర్ట్‌కి, అంటే ఇంకా పులియని మాల్ట్ రసానికి, 10 శాతం ఆల్ఫా లెక్కన: 60 నిమిషాల మరుగు మొదట్లో 20 గ్రాములు, ఇంకా 10 నిమిషాలుందనగా 25 గ్రాములు. ఈ రెంటితో దాదాపు 32 ఐబీయూ (బీరు చేదుని కొలిచే ప్రమాణం) చేదు వస్తుంది. పొయ్యి కట్టేసి, 80 డిగ్రీలకి చల్లారాక 30 గ్రాములు వేసి 20 నిమిషాలు ఉంచండి. ప్యాకెట్ మీద ఆల్ఫా వేరుగా ఉంటే 200ని ఆ అంకెతో భాగించండి, మొదటి విడత గ్రాములు వస్తాయి. 8 శాతమైతే 25 గ్రాములన్నమాట.

గుళికలు పడగానే వర్ట్ పాలలా పొంగుతుంది. మంట తగ్గించి కొద్దికొద్దిగా వేయండి.

పులియడం దాదాపు ముగిశాక 18 డిగ్రీల దగ్గర మరో 40 గ్రాములు వేసి, మూడు రోజులకి తీసేయండి. ఎక్కువ రోజులుంచితే పచ్చిగడ్డి రుచి ఎక్కుతుంది. మూత తెరిచి ఉంచితే గాలి తగిలి హాప్స్ వాసనే ముందు పోతుంది.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే: హాప్స్‌లోని ఎంజైములు బీరులో మిగిలిన డెక్స్‌ట్రిన్లను (ఈస్ట్‌కి అరగని పిండి ముక్కలను) చక్కెరగా విడగొడతాయి, పులియబెట్టే ఈస్ట్ మళ్లీ పని మొదలుపెడుతుంది. తొందరపడి నింపితే గ్యాస్ నిండి సీసాలు పేలొచ్చు, బీరుకి వెన్న వాసన పట్టొచ్చు. సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ అంకె మూడు రోజులు కదలకపోతేనే నింపండి. అదీ గోధుమరంగు సీసాల్లోనే. ఆకుపచ్చవాటిలో ఎండ తగిలితే హాప్స్ చేదే కంపుగా మారుతుంది.

మిగిలిన గుళికలని గాలి తీసేసిన ప్యాకెట్‌లో ఫ్రీజర్‌లో పెట్టండి.